క్లిప్పులకు ఈ ఊళ్ళో ఎంత?

“ఇలాంటి పళ్ళకు క్లిప్పులు వేయాలంటే మీ దగ్గర ఎంతవుతుందమ్మా?”

లిఫ్టు మెకానిక్కు చేతిసంచీలోంచి చిన్న అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. లోపల దూది మీద ప్లాస్టర్‌తో తీసిన పళ్ళ అచ్చు. ఒక కోరపన్ను వరుసలో చోటు దొరక్క పైకెక్కి కూర్చుంది. ముందుపన్ను ఒకటి ఓరగా తెరిచిన తలుపులా పక్కకు తిరిగి ఉంది.

పళ్ళాసుపత్రి కౌంటర్‌లోని అమ్మాయి ముచ్చటపడింది.

“పాపకెన్నేళ్ళు బాబాయ్?”

“అచ్చు తీసినప్పుడు పన్నెండు.”

“తీసుకురాలేదే?”

“దగ్గర్లో లేదమ్మా.”

ఆ అమ్మాయి ధర చెప్పింది. మెకానిక్కు తలూపాడు.

“నయమే. ఓడరేవు ఊళ్ళో ఇంతకు రెట్టింపు చెప్పారు. కొండమీది ఊళ్ళో తక్కువే గానీ, నెలనెలా తీగ బిగించినందుకు వేరే పుచ్చుకుంటారట. పెద్ద నగరంలోనైతే కుర్చీలో కూర్చున్నందుకే ఒక లెక్క.”

“అబ్బో! కూరగాయలకి కూడా ఇంత బేరమాడరు బాబాయ్! తక్కువున్న చోట వేయించెయ్యక, ఈ తిరుగుడేంటి?”

ఆయనకూ నవ్వొచ్చింది. ఏ ఊరెళ్ళినా ఇలా నవ్వించే మనిషి ఒకరు దొరుకుతారు. అదే పదివేలు అనుకుంటాడాయన.

కంపెనీలో ఎవరూ ఒప్పుకోని తిరుగుడు ఉద్యోగం ఆయన కోరి తీసుకున్నాడు. ఎక్కడ లిఫ్టు ఆగితే అదే ఆయన ఊరు. పని కాగానే చేతుల గ్రీజు కడుక్కుని, చొక్కా మార్చుకుని, పళ్ళ డాక్టర్ల బోర్డులు వెతుక్కుంటూ బయల్దేరుతాడు. ఎందరుంటే అందరినీ అడుగుతాడు. ధర తక్కువని ఆగడు. ఎక్కువని అలగడు. “పిల్లకి పళ్ళు ఊడేలోగా తేలుస్తావా గురూ?” అని దారిలో కలిసే పనివాళ్ళు వేళాకోళం చేస్తారు.

బళ్ళో పిల్లలు కూతురికి ‘మెట్లు’ అని పేరు పెట్టారు. అప్పట్నుంచి నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది దానికి. చెయ్యి అడ్డం లేకుండా అది నవ్వగా చూడాలి. ఆయనకున్న కోరికల్లా అదొక్కటే.

లాడ్జి గదిలో ఆ పెట్టె తలగడ పక్కనే ఉంటుంది. మూత పూర్తిగా మూయడు. ఎందుకో ఊపిరాడదేమో అనిపిస్తుంది. వీధి దీపం వెలుగు పడితే ఆ పళ్ళు ఏదో చెప్పబోయి ఆగినట్టుంటాయి.

రోజూ పొద్దుగుంకే వేళకు ఇంటినుంచి భార్య ఫోన్ చేస్తుంది.

“ఎంతన్నారు?” అంటుంది.

ఆయన ధర చెబుతాడు.

“సరే. వేళకి తినండి” అంటుంది. అంతకుమించి మాట్లాడుకోరు.

“ఇంకో మాటమ్మా,” అన్నాడు మెకానిక్కు. “మీరు వేసినవే తీస్తారా? ఇంకెక్కడో వేసినవి కూడా తీస్తారా?”

“ఓహో! చవక ఊళ్ళో వేయించి, ఇక్కడ తీయిద్దామనా? గట్టివారే!”

“అలా ఎవరైనా వస్తుంటారా?”

“ఏమో బాబాయ్, నేను కొత్తగా చేరాను. డాక్టరమ్మనే అడగండి.”

డాక్టరమ్మ పెద్దావిడ. రోగులు అయిపోయినట్టున్నారు, లోపలి గదిలో పరికరాలు కడుక్కుంటోంది. ఆయన అడిగింది విని, చేతులు తుడుచుకుని, అచ్చును దీపం కిందకు తీసుకుంది.

“వేసినవాళ్ళే తీయాలనేముంది? ఇంట్లో మాత్రం ఊడిరావు. ఎవరో ఒక డాక్టరు తీయాల్సిందే.”

“అదేనండీ,” అన్నాడు మెకానిక్కు. “ఎవరో ఒకరు తీయాల్సిందే.”

ఆవిడ అచ్చును వెనక్కి తిప్పి బొటనవేలితో నిమిరింది. పక్కకు తిరిగిన ముందుపన్ను వెనకాల, చిలకముక్కులాంటి చిన్న బుడిపె ఉంది. వేలు అక్కడ ఆగింది. ముందుకు జరిగి, మళ్ళీ అక్కడికే వచ్చింది.

డాక్టరమ్మ వెళ్ళి తలుపు మూసింది.

“ఈ అమ్మాయి మీకేమవుతుంది?”

“కూతురండీ.”

ఆవిడ నమ్మినట్టు లేదు. ఆయన ముఖంలోకి నిదానంగా చూసింది. మెకానిక్కు మర్యాదకు నవ్వబోయాడు గానీ, అది నవ్వు కాలేదు. సగం విడిన ఆ పెదవుల మధ్య ఆయనకూ ఒక కోరపన్ను పైకెక్కి కూర్చుని ఉంది.

ఆవిడ గొంతు మెత్తబడింది.

“ఇలాంటి బుడిపె ఎక్కడో గానీ ఉండదు. ఈ పన్ను నేను చూశానండీ. దీని మీది తీగ నేనే విప్పాను. పోయిన వానాకాలంలో.”

మెకానిక్కు కుర్చీ చేతిని పట్టుకున్నాడు. పొద్దుగుంకింది. జేబులో ఫోన్ మోగింది. ఎలాగో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఎంతన్నారు?” అంది భార్య.

పన్నెండో ఏట, పళ్ళకు క్లిప్పులతో బడికి వెళ్ళి తిరిగి ఇంటికి రాని కూతురి కోసం ఊరూరా తిరుగుతున్న ఆయన, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్నకు ధర కాని జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.