గిటారు గొంతు కోసిందెవరు?

“తెగలేదమ్మా. ఎవరో కోశారు.”

కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే అన్నాడు చెంచురామయ్య. అద్దంకి బస్టాండు వెనక మోటార్ల వైండింగు షాపు అతనిది. మిరప రైతులు తెచ్చి పడేసిన బోరు మోటార్లు గుమ్మం ముందు ఏడున్నాయి. అవన్నీ ఆపి, జుబేదా తెచ్చిన గిటారును బల్ల మీద పడుకోబెట్టాడు. తీగల కింద ఉండే పికప్ ఊడదీశాడు. ఆ గిటారుకు గొంతు అదే. అదీ ఒక కాయిలే. కాకపోతే దానికి చుట్టిన రాగి తీగ వెంట్రుకకన్నా సన్నం.

“ఎవరో కాదన్నా. సలీం,” అంది జుబేదా.

“ఊరుకో,” అన్నాడు ఆమె మొగుడు కరీముల్లా. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“ఎందుకూరుకోవాలి? ఆషాఢమంతా ఒక్క పెళ్లి లేక గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాం. ఇవాళ సింగరాయకొండలో శ్రావణం మొదటి పెళ్లి. ఆరింటికల్లా స్టేజి మీదుండాలి. నిన్న సామానంతా సర్దింది వాడే. వాడు కాక మా అమ్మ కోసిందా?”

ఆర్కెస్ట్రా ముగ్గురిది. పాడేది జుబేదా, గిటారు కరీముల్లా, కీబోర్డు సలీం. పెత్తనం మాత్రం జుబేదాదే, ఆమె కోపానికి మిగతా ఇద్దరూ పదకొండేళ్లుగా అలవాటు పడ్డారు. ఇవాళ్టి కోపం మాత్రం వాళ్లకూ కొత్తే.

“అతుకుద్దా, అతకదా?”

“బయటి కొస పోయింది కాబట్టి అతుకుద్ది. లోపలి కొస అయితే మొత్తం విప్పి చుట్టాలి, వారం పట్టేది.” చెంచురామయ్య తల గోక్కున్నాడు. “అదే నాకు అర్థం కాలా. పగున్నోడు కాయిలంతా చీరేస్తాడు. ఇట్టా సుతారంగా ఒక్క కొస తెంపి, స్క్రూలు మళ్లీ బిగించి పోతాడా?”

“దొంగ తెలివి!”

“వదిలెయ్ చెంచురామయ్యా,” అన్నాడు కరీముల్లా. “నీకు బోలెడు పనుంది. ఇవాల్టికి గిటారు లేకుండా కానిస్తాం.”

జుబేదా గిర్రున తిరిగింది. “ఏందయ్యా నువ్వు? మనల్ని పిలిచేదే నీ గిటారు కోసం. నా పాటకెవడు పిలుస్తాడు? వాడు నీ పొట్ట కొడితే నువ్వు వాణ్ణి వెనకేసుకొస్తావా?”

కరీముల్లా వీధి వైపు తిరిగాడు.

చెంచురామయ్య ఊపిరి బిగబట్టి తీగ కొస పట్టుకున్నాడు. పై పూత గీకి, కొత్త వైరుకు చుట్టి, సీసం చుక్క పెట్టాడు. మొదటిసారి ఊడింది. రెండోసారీ ఊడింది. జుబేదా సణుగుడు ఆగకపోయేసరికి “అమ్మా, నువ్వు ఊపిరి పీల్చినా ఇది ఎగిరిపోద్ది” అని కసిరాడు. మూడోసారి నిలిచింది.

అప్పుడే సలీం బండి దిగాడు. “అక్కా, వ్యాను వచ్చింది.”

“సిగ్గులేదురా నీకు?”

“ఏమైందక్కా?”

“ఒంగోలు ఆర్కెస్ట్రావాళ్లు నిన్ను పిలుస్తున్నారని నాకు తెలియదనుకున్నావా? పోయేవాడివి పోక, నా మొగుడి గిటారు కోస్తావా?”

“నేనా? నా పిల్లల మీద ఒట్టక్కా! వాళ్లు పిలిచినా పోలేదు నేను. బావనడుగు!”

“గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఒట్లెందుకురా? ఈ ఒక్క ప్రోగ్రాం వాయించు. రేపట్నించి నీ మొహం నాకు చూపించొద్దు.”

సలీం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “బావా, నువ్వయినా చెప్పు. పదకొండేళ్లు నీ పక్కన వాయించా. నీ గిటారు మీద నేను చెయ్యి వేస్తానా?”

కరీముల్లా నేల చూపులు చూశాడు. మొగుడు కూడా ఒప్పుకున్నట్టేనని జుబేదాకు అనిపించింది, కోపం ఇంకాస్త పెరిగింది.

చెంచురామయ్య పికప్ బిగించి, గిటారును స్పీకరుకు కలిపి తీగ మీటాడు. షాపు దద్దరిల్లింది. సెంటరులో పోయేవాళ్లు కూడా తిరిగి చూశారు.

“వాయించు,” జుబేదా గిటారు తీసి మొగుడి మెడలో వేసింది. “వీడు విని మరీ పోవాలి.”

“ఇప్పుడొద్దు.”

“వాయించమన్నానా!”

కరీముల్లా కుడిచేత్తో తీగలన్నీ ఒక్కసారి మీటాడు. రాగం లేని రొద వచ్చింది.

“అదేంది? ఎడమచెయ్యి పెట్టవేం?”

అతను జేబులోంచి ఆ చేతిని కుడిచేత్తో పట్టి బయటకు తీశాడు. తీసి గిటారు మెడ మీద ఆనించాడు. మూడు వేళ్లు పుల్లల్లా నిలబడ్డాయి. జుబేదా వాటిని పట్టుకుని వంచి చూసింది. వదిలితే మళ్లీ అట్లాగే చాపుకున్నాయి.

“ఎప్పట్నించి?” అంది.

“ఆషాఢం మొదట్లో. తగ్గుద్దనుకున్నా.”

“ఆరింటికి ప్రోగ్రాం పెట్టుకుని, నాక్కూడా చెప్పకుండా, అంతమంది ముందు ఎట్లా వాయిద్దామనుకున్నావయ్యా?”

కరీముల్లా సలీం వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

“అందుకే కోశాను.”