కత్తా? మాత్రా?

"నన్ను కోయిస్తే గానీ నీ కడుపు చల్లబడదట్రా?"

డాక్టరు గదిలో కుర్చీ మీంచి లేవకుండానే అరిచాడు ముసలి డ్రైవరు. బస్సు దిగి ఏళ్లు గడిచినా గొంతులో హారన్ మాత్రం దిగలేదు. వెనక టోపీతో నిలబడ్డ కొడుకు నోరు తెరిచేలోపే మళ్లీ అందుకున్నాడు.

"డాక్టరుగారితో ముందే కూడబలుక్కున్నావు. నాకు తెలీదనుకోకు."

"నేను నోరు విప్పానా నాన్నా? ఆపరేషన్ అన్నది ఆయన."

"నువ్వెందుకు విప్పుతావు! నువ్వు గోతులు తవ్వే రకం. నీ మొహానికి పిల్లనెవడూ ఇవ్వలేదన్న కసి నా మీద తీర్చుకుంటున్నావు."

డాక్టరు స్కానింగు కాగితం బల్ల మీద పెట్టి వేలితో కొట్టాడు.

"పెద్దాయనా, మీ తగువు ఇంటికెళ్లాక పెట్టుకోండి. మీ ప్రోస్టేటు గ్రంథి ఆర్నెల్ల కిందటికన్నా పెద్దదైంది. మాత్రలు పనిచెయ్యలేదు. మొన్న మూత్రం చుక్క రాక గిలగిల్లాడిపోతే గొట్టం వేసి తీశాం. ఇంకోసారి అలా బిగిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి."

"పనిచెయ్యకపోవడమేంటి? రోజూ రాత్రి వీడు అరచేతిలో పెడితే మింగుతున్నాను. మందో విషమో కూడా అడగలేదు!"

"విషమైతే ఇంకా ఇలా అరుస్తుంటావా?" కొడుకు గొణిగాడు.

"విన్నారా? ఇంకా పోలేదేంటా అని వీడి ఏడుపు!"

డాక్టరు విననట్టే చెప్పుకుపోయాడు. "రెండు దారులున్నాయి. ఒకటి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి అడ్డం పడ్డ కండని గీకేస్తాం. పైన కోత ఉండదు. రెండు మూడు రోజులు మూత్రం సంచీతో పడుకోవాలి. రెండోది లేజరు. రక్తం తక్కువ పోతుంది, తొందరగా లేచి తిరుగుతారు, ఖర్చు మాత్రం ఎక్కువ."

"గీకినా కాల్చినా, చేసేది ఆ గదిలోనేగా?"

"ఏ గదిలో?"

"మా ఆవిడ తన కాళ్లతో నడిచి వెళ్లి, మొహం మీద దుప్పటితో బయటికొచ్చిన గదిలో."

ఆ మాట అన్నాక ముసలాయనకి తన మీద తనకే ఒళ్లు మండింది. పరాయివాళ్ల ముందు పెళ్లాం ఊసెత్తడం అతని ఒంటికి పడదు. కానీ ఆ గది గడప తొక్కేకన్నా చుక్క చుక్కకీ చావడమే నయమనుకున్నాడు.

"డాక్టరుగారూ, ఆపరేషన్ వద్దండీ," అన్నాడు కొడుకు.

ముసలాయన ఉలిక్కిపడి తల తిప్పాడు.

"మాత్రలే వాడదాం. ఇంకో ఆర్నెల్లు."

"నేను చెప్పింది నీ చెవికెక్కలేదా బాబూ? కిడ్నీలు పోతాయంటున్నాను."

"మోతాదు పెంచండి. రోజుకి రెండు రాయండి. నేను దగ్గరుండి చూసుకుంటాను. మా నాన్నని ఆ గదిలోకి మాత్రం పంపను."

ముసలాయన కొడుకుని ఎగాదిగా చూశాడు. ఇన్నాళ్లూ వీణ్ని తండ్రి ఎప్పుడు పోతాడా అని గుంట దగ్గర కాచుక్కూచున్న నక్క అనుకున్నాడు. వీడికీ తల్లి గుర్తుందన్నమాట. వీడి ఒంట్లోనూ రక్తమే పారుతోందన్నమాట.

"విన్నారుగా," అన్నాడు డాక్టరుతో. "మావాడే చెబుతున్నాడు. మాత్రలే రాయండి."

మావాడు అన్న మాట అతని నోట వచ్చి ఎన్నేళ్లయిందో అతనికే తెలీదు.

డాక్టరు నిట్టూర్చి కలం తీశాడు. "మీ ఇష్టం. ఒక్క నెల చూస్తాను. మళ్లీ చుక్క ఆగిందో, ఇక మీ మాట వినను. గ్రంథిని కుదించే ఆ పాత మాత్రే ఇది. కొందరికి దీనివల్ల మగతనం తగ్గుతుంది. మీ వయసులో పెద్ద ఇబ్బంది లేదనుకోండి."

"ఎంత తగ్గుతుందండీ?" కొడుకు బల్ల మీదికి వంగాడు. "మొత్తం పోతుందా?"

"నీకెందుకురా ఆ దిగులు? నాకు మళ్లీ సంబంధం గానీ చూస్తున్నావా ఏంటి?"

ముసలాయన నవ్వాడు. తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టుంది ఆ నవ్వు. డాక్టరుకీ నవ్వొచ్చింది.

"నాకు అంతుపట్టనిది ఒకటే పెద్దాయనా. ఇన్నాళ్లు వేసుకుంటే రక్తపరీక్షలో కొంతైనా తేడా తెలియాలి. మీ ఒంట్లోకి ఆ మాత్ర వెళ్లిన జాడే లేదు. ఇదే మందు తక్కువ మోతాదులో బట్టతలవాళ్లు జుట్టు కోసం మింగుతారు. పోనీ అక్కడైనా పనిచేసిందా అంటే, మీ నెత్తి అద్దంలా మెరుస్తోంది!"

ముసలాయన నవ్వుతూనే తన నెత్తి తడుముకున్నాడు. తడుముతున్న చెయ్యి ఆగింది. నవ్వు కూడా ఆగింది. కుర్చీ మీంచి లేచాడు. తలుపు వైపు జరుగుతున్న కొడుకుని పట్టుకుని, కొన్నాళ్లుగా వాడు ఇంట్లో కూడా తియ్యని టోపీని ఒక్క ఊపున లాగేశాడు.

నిరుడు తన నెత్తికన్నా నున్నగా ఉన్న ఆ బోడిగుండు మీద, వాన పడ్డ చేనులా, నల్లగా జుట్టు మొలిచి ఉంది.