పాట ఉన్న ప్లేటు

దొర గడిలో పాట ఉన్న ప్లేటు ఒక్కటే ఒక్కటి. అది కాస్తా పోలీసు జమేదారు కూర్చున్న బరువుకు రెండు ముక్కలైంది.

కుర్చీలో ప్లేటుందని ఆయన చూసుకోలేదు. లక్కతో చేసిన నల్ల బిళ్ల, ఎంతసేపు? పటుక్కుమంది. ముక్కలు పక్కకు నెట్టి, మళ్లీ కూర్చుని మీసం సవరించుకున్నాడు. గ్రామఫోను తిప్పడానికి నిలబడ్డ పెంటమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

మిగిలిన మూడు ప్లేట్లలో ఉత్త బాజాలే. పగిలినదాంట్లోనే, ముల్లు పెట్టీ పెట్టగానే ఒక మగమనిషి గొంతెత్తి పాడేవాడు. ఏ భాషో, ఏం పాటో పెంటమ్మకు అక్కర్లేదు. వాగు అవతల తుమ్మల్లో దాక్కునే ఆమె పెనిమిటి రాజమల్లుకూ అక్కర్లేదు. దొరల మీద తిరగబడ్డ దళంలో ఉన్నవాడికి కావలసింది ఒక్కటే. పొద్దుగూకే వేళ గడి మేడ మీంచి ఉత్త బాజా వినబడితే, జొన్నచేను దాటి వచ్చి గోడ పక్కన పెట్టిన సద్దిమూట తీసుకుపోవాలి. మనిషి పాడితే ఎక్కడివాడు అక్కడే ఆగిపోవాలి.

ఈ ఏర్పాటు పెంటమ్మ బుర్రలో పుట్టిందే. "నేను నోరిప్పితె దొర పానం దీస్తడు. గా పెట్టె నోరిప్పితె ఎవ్వలేమంటరు?" అని మొగుడితో అంది. ఆరుసార్లు చక్కగా నడిచింది.

ఈ రోజు మూటలో రొట్టెలతో పాటు దొర అలమారలోంచి తీసిన జ్వరం గోళీలున్నాయి. దళంలో ఇద్దరు చలిజ్వరంతో మూలుగుతున్నారట. ఈ రోజే, ఏ పాపిష్టివాడు జమేదారు చెవిన వేశాడో గాని, మధ్యాహ్నం నుంచి జొన్నచేలో ఆరుగురు జవాన్లు తుపాకులు పట్టుకుని బోర్లా పడుకున్నారు. వాళ్లకు నీళ్లు మోసింది పెంటమ్మే. అప్పటినుంచి ప్రాణాలన్నీ ఆ ఒక్క ప్లేటు మీదే పెట్టుకుని ఉంది. కర్మ కాలినవాళ్లకు తాడే పామవుతుందంటారు, అబద్ధం కాదు.

"ఏమే పెంటీ, పెట్టవేందే?" అన్నాడు దొర కొడుకు చిన్నదొర.

ప్లేటు పగిలింది కదా, ఈ పూటకు వద్దులెండని పెంటమ్మ గొణిగింది. జమేదారు ఒప్పుకోలేదు. రోజూ మోగేది ఈ రోజు మోగకపోతే వాగు అవతలివాళ్లకు అనుమానం వస్తుందన్నాడు.

చిన్నదొర హుషారుగా లేచి ఒక కొత్త ఆల్బం తెచ్చాడు. నిన్ననే సికింద్రాబాదులో కొని, జనగామ దాకా రైల్లో, అక్కడినుంచి బండి మీద, పసిబిడ్డను మోసినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. చూడటానికి పుస్తకమే. పేజీకో కాగితం సంచి, సంచికో ప్లేటు. దీన్ని జాజ్ అంటారని జమేదారుకు చెప్పాడు. అమెరికా నల్లవాళ్ల సంగీతమట. వాళ్ల తాతలు అక్కడి దొరల పత్తిచేలలో వెట్టి చేసినవాళ్లట. వెట్టి ఆడదాన్ని పక్కన నిలబెట్టుకుని ఆ ముక్క చెబుతున్నానని ఆయనకు తోచనేలేదు. తోస్తే దొర ఎందుకవుతాడు?

ఆల్బం అట్ట మీద నల్లటి ఆడమనిషి బొమ్మ ఉంది. నోరు బార్లా తెరిచి పాడుతోంది. అచ్చం తన చిన్నమ్మ ఓదెమ్మ లాగే ఉందనుకుంది పెంటమ్మ. అదే నలుపు, అదే నుదురు. పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"దొరా, గీమె పాడుతదా?"

"పాడుతది. దుకాణంల విన్న. ఈమె పాట వింటె నువ్వు అన్నం గూడ మర్చిపోతవ్."

ఇంకేం కావాలి? పెంటమ్మ గబగబా పిడి తిప్పి ముల్లు ఆనించింది.

పెట్టెలో బూర ఊదారు.

నాటుకు పాట, కోతకు పాట, చావుకు పాట. బుద్ధెరిగాక పెంటమ్మ విన్న ఏ పాటయినా నోటితోనే మొదలైంది. మనిషి ఎత్తుకుంటేనే డప్పు అందుకుంటుంది. నోరు లేకుండా మొదలైందంటే అది ఉత్త బాజా. ఆమెకు అంతే తెలుసు. తుమ్మల్లో చెవి రిక్కించి కూర్చున్నవాడికీ అంతే తెలుసు.

బూర తగ్గితే తీగలు, తీగలు తగ్గితే డోలు. జమేదారు బూటుతో తాళం వేస్తున్నాడు. పెంటమ్మ అట్ట మీది బొమ్మను చూస్తూ లోలోపల దండం పెట్టింది. 'నోరు దెరువే అక్కా. నీ కాళ్లు మొక్కుత, ఒక్క కూత పెట్టు.' బొమ్మ నోరు తెరిచే ఉంది. గొంతు మాత్రం రాలేదు.

ఇక ఆగలేక ముల్లు మీద చెయ్యి వేసింది. చిన్నదొర ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తప్పు ప్లేటు, బాంచెన్. గిండ్ల పాట లేదు."

చిన్నదొర నవ్వాడు గాని చెయ్యి వదల్లేదు.

కిటికీలోంచి జొన్నచేను కనబడుతోంది. వాగు వైపు అంచున కంకులు కదిలాయి. గాలి లేదు. ఆ కదలిక తిన్నగా గోడ వైపు వస్తోంది. మనిషి కనబడకపోయినా ఆ తొందర ఎవరిదో పెంటమ్మకు తెలుసు. తన ప్రాణం పోతే పోయింది, అరవాలని నోరు తెరిచింది. అరుపు గొంతు దాటేలోపే చేలో తుపాకులు పేలాయి. కంకులు ఒక్క ఊపు ఊగి ఆగిపోయాయి.

జమేదారు మెట్ల మీద దడదడా దిగిపోయాడు. పెంటమ్మ నేల మీద కుప్పకూలింది. చిన్నదొర అప్పుడు ఆమె చెయ్యి వదిలి, పెట్టె వైపు వేలు చూపించాడు.

"పాట లేదంటివి గదనే. ఇగో, విను."

పెట్టెలో ఆడమనిషి గొంతెత్తి పాట అందుకుంది.