పదో ప్రతి

బల్ల మీది పత్రికల్లో ఒకటి మళ్ళీ మాయమైంది.

దర్శన ఇంకోసారి చూసింది. పదింటిలో తొమ్మిదే ఉన్నాయి.

ఆమె ముఖం విప్పారింది.

ముంబై కామాఠిపురాలోని ఆ చిన్న తెలుగు గ్రంథాలయంలో ఆమె పదిహేడేళ్ళుగా లైబ్రేరియన్. చుట్టుపక్కల చాళ్ళ ఇరుకు గదుల్లోని పిల్లలకు తెలుగు మాట వస్తుంది గానీ అక్షరం రాదు, చదువంతా మరాఠీలోనే. రోజంతా ఫ్యాను తిరుగుతుంది, ఆమె చదువుకుంటుంది. చదివింది చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

అందుకే మూడేళ్ళ కిందట మొదలుపెట్టి, నెలకో పత్రిక రాసేది. ఆ నెల తను చదివిన పుస్తకాలు, చదువుతుంటే గుర్తొచ్చిన సంగతులు. సొంత దస్తూరీలో ఎనిమిది చిన్న పేజీలు. ఫోరస్ రోడ్డులో పది జిరాక్సులు తీయించి, దారంతో కుట్టి, బల్ల మీద పెట్టేది.

నెలాఖరుకు తొమ్మిది అలాగే ఉండేవి.

ఆ ఒక్కటీ తీసుకెళ్ళేది ఎవరు? రిటైరైన మాస్టారా? దాదర్ నుంచి ఎప్పుడైనా వచ్చిపోయే పెద్దమనిషా? ఎవరైతేనేం, దర్శన ఆ ఒక్కరి కోసమే రాసేది. అన్నం వారుస్తూ కూడా మనసులో వాళ్ళతోనే మాట్లాడేది.

మధ్యాహ్నాలు లోపలికొచ్చేది రాజవ్వ ఒక్కతే. పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే నాకా దగ్గర గుగ్గిళ్ళు అమ్మి, ఖాళీ గంపతో వచ్చి ఫ్యాను కింద కాళ్ళు చాపుకునేది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా, గంత సేపట్నుంచి?"

"చెప్తే నీకేం సమజైతదవ్వా? చదువొస్తదా నీకు?"

"నా మొకానికి చదువా!" రాజవ్వ బోసినోటితో నవ్వేది.

జూన్‌లో ఓ మధ్యాహ్నం బీరువా చాటు నుంచి దర్శన చూసింది. రాజవ్వ కొంగుకు చేతులు తుడుచుకుని, కొత్త పత్రిక ఒకటి తీసి, గంపలో గుడ్డ కింద పెట్టుకుంది.

గుగ్గిళ్ళ పొట్లాలకు!

ఇన్నేళ్ళూ తను మాట్లాడింది శనగలతోనా?

"అవ్వా, గది ఇటియ్యి."

"బిడ్డా, గిది..."

"పొట్లాలకు పాత కాగితం కావాలంటే భంగార్ దుకాన్ల దొరుకుతది. అచ్చరం ముక్క రాదు, నీకెందుకిది?"

రాజవ్వ ఏదో చెప్పబోయింది. దర్శన చాచిన చెయ్యి దించలేదు.

"తప్పయింది బిడ్డా." పత్రిక ఆ చేతిలో పెట్టి, గంప ఎత్తుకుంది.

మళ్ళీ రాలేదు.

జూలైలో దర్శన పత్రిక రాయలేదు. ఎవరికని రాయాలి? పుస్తకం తెరిస్తే రెండో పేజీ దాటడం లేదు.

ఆగస్టులో, వాన వెలిసిన ఒక పొద్దున, చెప్పులు బయట విడిచి ఒకతను గడప దగ్గర నిలబడ్డాడు. చేతుల మీద సిమెంటు ఎండి ఉంది.

"దర్శన మేడమంటే మీరేనా? నా పేరు రాములు. నాకా మీద కూలికి నిలబడ్త."

ప్లాస్టిక్ కవరు అందించాడు. అందులో తన పత్రికలే, ముప్ఫైకి పైగా. ఒక్క కాగితమూ చిరగలేదు. అంచుల నిండా సిమెంటు వేళ్ళ గుర్తులు.

"రాజవ్వ పోయి ఎనిమిది దినాలాయె మేడం. ఇవి మీకియ్యమన్నది."

"ఈ మరకలు..."

"మావే. పొద్దుగాల పని దొరికేదాంక నిలబడాలె గద. నెల నెల గిది తెచ్చి నా చేతుల పెట్టేది. 'గట్టిగ సదువురా, ఎనకున్నోళ్ళకు ఇనవడాలె' అనేది. నేను సదివెటోణ్ణి, నలభై మంది ఇనెటోళ్ళు. గంప దించి ఆమె సుత ఇనేది."

దర్శన ఒక మరక మీద వేలు పెట్టింది.

"జూన్ నెలది తేలేదేందవ్వా అంటే, 'రాసే బిడ్డకు జెరమొచ్చింది, ఆగుండ్రి, రాస్తది' అన్నది. పొయ్యేదాంక గదే మాట."

రాములు బెదురుగా ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడు తగ్గిందా మేడం?"