నీళ్లు కాలుతున్నయా అవ్వా?

2011 సెప్టెంబరు 22, ఉదయం పది దాటింది. మహబూబాబాద్‌లో ఒక ఆసుపత్రి. ఆడవాళ్ల వార్డులో షహనాజ్ బేగం రెండోసారి పరీక్షకు నిలబడింది. రోగిని మంచం మీదే ఉంచి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి స్నానం చేయించాలి. నర్సు సహాయకురాలి శిక్షణలో అదే ఆఖరి పరీక్ష.

ఆమెకు నలభై మూడేళ్లు. తరగతిలో మిగతా అందరూ ఆమె కూతురి ఈడువాళ్లు. మొదటిసారి ఆమె తప్పింది. చేతిపనిలో కాదు. స్నానం ముగిసేదాకా రోగితో ఒక్క మాటైనా మాట్లాడలేదని ఫెయిల్ చేశారు.

"నోరు తెరువు ఖాలా," అంది ఫిజా, వేడినీళ్ల బేసిన్ అందిస్తూ. ఇద్దరిదీ ఒకే బెంచీ. "గీమె మరీజ్. మయ్యత్ కాదు."

"నాకెరుకలేదా? నడువు."

ఫిజా ఆ మాట ఊరికే అనలేదు. ఊళ్లో ముస్లిం ఆడవాళ్లు చనిపోతే మయ్యత్‌కు ఆఖరి స్నానం చేయించేది షహనాజే. ఏళ్లుగా అదే పని. నీళ్లు వేడిగా ఉన్నాయా అని శవాన్ని ఎవరూ అడగరు. ఆ మౌనం ఆమెకు అలవాటైపోయింది. బజారులో ఎదురుపడితే బతికున్నవాళ్లు ఆమె చెయ్యి తగలకుండా పక్కకు జరుగుతారు. పాసైతే ఇదే ఆసుపత్రిలో పని ఇస్తామన్నారు. తప్పితే మూడోసారి రానివ్వరు. మళ్లీ శవాల దగ్గరికే.

పరీక్ష పెట్టే విజయ జనగామ నుంచి వచ్చింది. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. కాజీపేటలో రైలు మారి వచ్చింది. కుర్చీ లాక్కుని మంచం కాళ్ల వైపు కూర్చుంది.

"జల్ది కానియ్యి. ఎల్లుండి నుంచి రైళ్లు గూడ బందంట. ఈసారన్న మాట్లాడుతవా, సైగలే చేస్తవా?"

"మాట్లాడుత మేడం."

వార్డులో ఒక్కతే రోగి. కొమురవ్వ. జ్వరమొస్తే పక్కింటివాళ్లు తెచ్చి చేర్పించారు. రాత్రి డ్యూటీ నర్సు బస్సు లేక రాలేదు. ఫిజా మంచానికీ విజయ కుర్చీకీ చుట్టూ తెర లాగి వెళ్లిపోయింది.

షహనాజ్ గుడ్డ ముంచి పిండింది. ముసలమ్మ కుడిచెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. మోచేతి దగ్గర వంగలేదు. ఆ బిగువు ఆమె వేళ్లకు కొత్త కాదు.  అయినా అడిగింది.

"నీళ్లు కాలుతున్నయా అవ్వా?"

"లేదు బిడ్డా. మంచిగున్నయి," అంది కొమురవ్వ, కళ్లు తెరవకుండానే.

షహనాజ్ మళ్లీ ఆ చెయ్యి వంచబోయింది.

"చెయ్యి వంగుతలేదేంది అవ్వా?"

"ముసలి బొక్కలు. వంగుమంటే వంగుతయా?"

షహనాజ్‌కు నవ్వొచ్చింది. "జర గట్టిగ మాట్లాడవ్వా. మేడంకు ఇనవడాలె."

"నీకినవడ్తున్నది గద. సాలు."

వెనక విజయ ఏదో రాసుకుంది. "మాటలు మంచిగనే వస్తున్నయి. కానియ్యి," అంది.

షహనాజ్ మెడ తుడిచింది. భుజాలు తుడిచింది.

"నీ చెయ్యి మెత్తగున్నది," అంది కొమురవ్వ. "గిట్ల ఎందరికి జేసినవ్?"

"మస్తు మందికి."

"మంచిగున్నదని ఒక్కరన్న అన్నరా?"

"లేదవ్వా."

"అడిగితే అందురు. నువ్వడుగలే."

షహనాజ్ చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నీళ్లలో ముంచింది. కాళ్లు అయ్యాయి. తల వైపు వచ్చేసరికి ముసలమ్మ వద్దంది.

"నెత్తికి పొయ్యకు. అది మా లచ్చమ్మ పోస్తది. నా బిడ్డ. తొర్రూరు నుంచి వస్తున్నది."

"బస్సుల్లేవు గద. ఎట్లొస్తది?"

"కొంత దూరం ట్రాక్టరెక్కింది. ఇప్పుడు నడుస్తున్నది. నెల్లికుదురు దాటినంక చెప్పు తెగింది దానికి. ఒంటి చెప్పుతోని నడుస్తున్నది, పిచ్చిది."

జ్వరం మాటలనుకుంది షహనాజ్. సరే అవ్వా అని, పొడిగుడ్డతో ఒళ్లు తుడిచి, మెడదాకా దుప్పటి కప్పింది.

విజయ లేచింది. "పాస్. చేతిపని మంచిగున్నది, మాట మంచిగున్నది. గని ఒక్కటి. మాటమాటకు అట్ల ఆగుడెందుకు? నిద్రల ఉన్న ముసల్ది జవాబు చెప్తదా?"

"చెప్పింది గద మేడం."

విజయ ఆమెను ఒకసారి చూసింది. మంచం దగ్గరికి వెళ్లి, నాడి చూద్దామని ముసలమ్మ మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. తర్వాత తెర తోసి డాక్టర్‌ను పిలిచింది.

డాక్టర్ వచ్చాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు. దవడ కదిలించబోతే కదల్లేదు.

"తెల్లారక ముందే పోయింది. ఒళ్లు కట్టెబారింది."

విజయ షహనాజ్ వైపు తిరిగింది. "అంతమందికి స్నానం పోసినదానివి. చెయ్యి పెడితే తెల్వలేదా?"

"పెట్టంగనే తెలిసింది మేడం. గంతలనే అవ్వ మాట్లాడె. నాదే పొరపాటనుకున్న."

"ఎవలు మాట్లాడిన్రు? నేను గీడనే కూసున్న. నీ గొంతు తప్ప ఏది ఇనలే."

ఫిజా లోపలికి వచ్చి బేసిన్ ఎత్తింది. మిగిలిన నీళ్లు పారబోయబోతే షహనాజ్ చెయ్యి పట్టి ఆపింది. "ఉండనియ్యి. నెత్తి స్నానం ఇంక కాలే."

మధ్యాహ్నం వార్డు గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. కొంగుతో చెమట తుడుచుకుంది.

"మా అవ్వ, కొమురవ్వ, ఏ మంచం మీదున్నది అక్కా?"

షహనాజ్ ఆమె కాళ్ల వైపు చూసింది. ఒక కాలికి చెప్పు ఉంది. రెండోది చేతిలో ఉంది.