ఆ బిర్యానీ ఎవరి లెక్క?

ఇట్లా దగ్గరికి జరుగు తల్లీ, ఈ ఫ్యాను చప్పుడులో నా మాట నీకు వినపడదు. మొన్నటి ఎన్నికలప్పుడు పెనుకొండ కల్యాణమండపంలో ఏం జరిగిందో చెబుతాను.

ధర్మవరంలో మగ్గం నేసే కుళ్లాయప్ప ఉన్నాడు కదా, ఆయన అక్క జయమ్మను పెనుకొండ గోవిందరాజులుకు ఇచ్చారు. పెళ్లినాటికి గోవిందరాజులుకూ ఉన్నది ఒక మగ్గమే. తర్వాత కాంట్రాక్టులు పట్టాడు, కారు కొన్నాడు. కుళ్లాయప్ప కూతురు అశ్వినిని తన కొడుకు శివప్రసాద్‌కు చేసుకుంటానని అంతకుముందు ఎన్నిసార్లు అన్నాడో! కారొచ్చాక ఆ మాటే లేదు. జయమ్మ ఒకసారి కదిలిస్తే కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఆ ఎన్నికల్లో ఆయన ఒక అభ్యర్థి తరఫున తిరిగాడు. గెలిస్తే కాలువ పనులన్నీ నీకేనని అభ్యర్థి మాటిచ్చాడు. దానికి ఓటర్లకు మటన్ బిర్యానీ పెట్టాలి. పెడితే ఎన్నికల అధికారులు ఊరుకోరు, ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో రాస్తారు. ఆ లెక్క అప్పటికే గొంతుదాకా వచ్చింది. పెట్టిన హద్దు దాటితే కేసు. కేసైతే కాలువ పనులు కలే.

అందుకని ధర్మవరం వచ్చి బామ్మర్దిని పట్టుకున్నాడు.

"ఏమబ్బా, నీ కూతురి నిశ్చితార్థమని చెప్దాం. మండపం నాది, వంట నాది. నువ్వు ఊరికే వచ్చి నిలబడు."

"నిశ్చితార్థమంటే పెండ్లికొడుకు కావల్ల కదా బావా?"

"జనం తినేకి వస్తారు గానీ పెండ్లికొడుకును చూసేకి వస్తారా?"

కుళ్లాయప్పకు మనసొప్పలేదు. ఆడపిల్ల పేరు మీద అబద్ధం. రేపు నలుగురూ అడిగితే ఏం చెప్పాలి? కాదంటే అక్కకు ఇంట్లో నెమ్మది ఉండదు. లోపలినుంచి అశ్విని కూడా విసుక్కుంది.

"నా పేరే దొరికిందా మామా నీకు?"

ఆయన వింటేనా!

ఆదివారం మండపం కిటకిటలాడింది. ఆటోల్లో జనం దిగుతూనే ఉన్నారు. "కండువాలు జేబుల్లో పెట్టుకోండప్పా!" అని అరుస్తూ గోవిందరాజులు వాకిలికీ వంటశాలకూ మధ్య కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. అశ్విని పట్టుచీర కట్టుకుని వేదిక మీద కూర్చుంది. లేచింది. అటు వంటశాలదాకా, ఇటు వాకిలిదాకా తిరిగొచ్చి మళ్లీ కూర్చుంది. చేతిలో ఫోను.

"తీసుకో పాపా ఫోటోలు, బాగా తీసుకో. శుభకార్యం మాదిరి కనపడల్ల," అన్నాడు మామ.

మొదటి పంక్తి లేవకముందే ఎన్నికల స్క్వాడ్ జీపు వచ్చి ఆగింది. ఎవరో ఫిర్యాదులు పెట్టే ఎన్నికల యాప్‌లో ఫోటో పెట్టారట. బిర్యానీ గుండిగ, దాని పక్కన పార్టీ కండువాతో గరిటె తిప్పుతున్న మనిషి.

అధికారి పేరు నీలావతి. వెంట వీడియో తీసే అతను. ఆమె నేరుగా పంక్తిలో తింటున్న మునెమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఎవరి ఫంక్షన్ అవ్వా?"

"ఎవురిదైతే ఏమమ్మా? ఆటో ఎక్కమన్నారు, ఎక్కినాం. ముక్క మెత్తగా ఉండాది, నువ్వూ కూర్చో."

గోవిందరాజులు పరిగెత్తుకొచ్చాడు. "ఆమెకు చెవుడు మేడం! మా బామ్మర్ది కూతురి నిశ్చితార్థం ఇది."

"పెళ్లికొడుకేడి?"

 కుళ్లాయప్ప నేల చూశాడు. గోవిందరాజులు జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఈ మండపానికే రావాలని హిందూపురంలో బయలుదేరిన అభ్యర్థి ఫోను అది. గోవిందరాజులు అటూ ఇటూ చూశాడు. ఎదురుగా వడ్డన బకెట్టుతో కొడుకు కనపడ్డాడు.

"ఇదో, మావాడే మేడం! మేనరికం."

"మరి తాంబూలాలు?"

"భోజనాలైనాంక..."

"ఇప్పుడే మార్చుకోండి. వీడియోలో ఉంటే ఇంటి శుభకార్యమని రాసుకుని పోతాం. లేదంటే ఖర్చంతా అభ్యర్థి లెక్కలో వేస్తాం."

జయమ్మ ఎవరూ చెప్పకముందే పళ్లెం తెచ్చింది. తమలపాకులు, వక్కలు, పసుపు, టెంకాయ. గోవిందరాజులు, కుళ్లాయప్ప మధ్య పళ్లెం చేతులు మారింది. మునెమ్మ చెయ్యి కడుక్కొచ్చి మరీ అక్షింతలు వేసింది.

జీపు వెళ్లిపోయింది. స్క్వాడ్ వచ్చిన సంగతి తెలిసి అభ్యర్థి కారు సోమందేపల్లి దగ్గరే వెనక్కి తిరిగింది.

అభ్యర్థి గెలిచాడు. కాలువ పనులు చేతికొచ్చాయి. అప్పుడు గోవిందరాజులు మెల్లగా ధర్మవరం వచ్చాడు.

"ఆ పొద్దు జరిగింది ఉత్తుత్తిదే కదబ్బా?"

మారిన తాంబూలాన్ని మన సీమలో ఎవరూ వెనక్కి పుచ్చుకోరు. అది ఆయనకూ తెలుసు. కుళ్లాయప్ప మగ్గం మీదినుంచి తలెత్తలేదు.

"అట్లనే బావా. నిశ్చితార్థం ఉత్తుత్తిదైతే ఆ బిర్యానీ ఎవరి లెక్క? వీడియో ఆ మేడం దగ్గర భద్రంగానే ఉండాది."

శ్రావణంలో పెళ్లి జరిగింది.

ఇప్పటికీ గోవిందరాజులు పొద్దున లేస్తే ఎదురుపార్టీవాళ్లను తిట్టడమే పని. "ఆ ఫోటో పెట్టినోడు యాడున్నా వదల్ను!" అంటాడు. కోడలు కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఆరిపోతాది, తాగు మామా," అంటుంది.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పు తల్లీ, కానీ ఆ ఫోటో పెట్టింది ఆ కోడలేనన్న ముక్క మాత్రం గోవిందరాజులు చెవిన పడనీయకు.