రెండు బైబిళ్ళు, ఒక కంచరగాడిద

లువీనియా ప్రమాణం చెయ్యడానికి బైబిలు మీద చెయ్యి పెట్టగానే కోర్టు బంట్రోతు మొహం పాలిపోయింది.

"అయ్యో, అది తెల్లవాళ్ళ బైబిలు. నల్లవాళ్ళది ఆ దారం కట్టినది."

దారం కట్టిన బైబిలు బల్ల మీద అవతల ఉంది. ఇందాక తెల్ల పోలీసు టటిల్ చూసుకోకుండా దాని మీదే ప్రమాణం చేసి, లువీనియా కంచరగాడిద తన కారు తలుపు తన్ని సొట్ట పెట్టిందని సాక్ష్యం చెప్పాడు. దావా గెలిస్తే నష్టం కింద గాడిద అతనిదే. ఆ గాడిద పోతే లువీనియా పత్తిచేను దున్నే దిక్కులేదు.

టటిల్ అరచెయ్యి ప్యాంటుకేసి తుడుచుకున్నాడు. "ఆ ప్రమాణం నాకు చెల్లదు జడ్జిగారూ."

"అయితే నీ సాక్ష్యమూ చెల్లదు. ఇదిగో, మన బైబిలు. మళ్ళీ చెయ్యి వెయ్యి."

"దాన్నిప్పుడే ఈ మనిషి ముట్టుకుంది కదండీ."

"మూడోది లేదయ్యా. అవతల నాకు భోజనం చల్లారిపోతోంది. వేస్తావా, వెయ్యవా?"

టటిల్ చెయ్యి చాపాడు. పుస్తకానికి జానెడు దూరంలో వేళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఎదురైతే లువీనియా సందులోకి తప్పుకునేది. ఇప్పుడు నవ్వాపుకోలేక దగ్గింది.

టటిల్ చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. జడ్జి దావా కొట్టేసి భోజనానికి లేచాడు.

బయట కొయ్యకు కట్టిన గాడిదను విప్పుతూ లువీనియా దాని చెవిలో అంది: "బతికిపోయావే. నువ్వు తన్నిన మాట నిజమేనని చెప్పేద్దామనే వచ్చాను. అడిగిన నాథుడు లేడు."